ప్రకృతి విజ్ఞాన యాత్రలు: తెలుగు నేల మీద

ఒక ప్రాంతంలోని అడవిని, నీటిని, జీవజాలాన్ని, వాటిని కాపాడటంలో ఉన్న చిక్కులను అక్కడికే వెళ్లి తెలుసుకుంటూ, దారిలోని గుడి, కోట, జాతర, వంటకాలను కూడా ఆ పాఠంలో కలుపుకుని చేసే బృంద ప్రయాణమే ప్రకృతి విజ్ఞాన యాత్ర. బడులు, కళాశాలలు, ఉపాధ్యాయ సంఘాలు, పక్షి పరిశీలకుల బృందాలు ఇలాంటి యాత్రలు చేస్తుంటాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో అరగంట ఆగి ఫొటోలు దిగి వెళ్లిపోయే బస్సు ఉంటుంది. రెండు రోజులు ఉండి గూళ్లు లెక్కపెట్టి, ఆ చెరువు కింద వరి వేసే రైతుతో మాట్లాడి వచ్చే బస్సూ ఉంటుంది. ఈ వ్యాసం రెండో బస్సు గురించి.

తెలుగు రాష్ట్రాల్లో కాపాడుకోవలసిన ప్రకృతిలో చాలా భాగం మనుషుల మధ్యనే ఉంది. గూడబాతులు ఊరి చెరువులోని చెట్ల మీద పిల్లలను పెడతాయి. ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పెద్దపులులు తిరిగే నల్లమలలోనే శ్రీశైలం, అహోబిలం ఉన్నాయి. కాకతీయులు తవ్వించిన చెరువు చుట్టూ ఇప్పుడు అభయారణ్యం ఉంది. జంతువులకు ఒక రోజు, గుళ్లకు ఇంకో రోజు కేటాయించి తిప్పే యాత్ర ఇక్కడ సగం విషయాన్నే చూపిస్తుంది.

పూర్వరంగం

విద్యార్థులను తరగతి గదిలోంచి పొలాల్లోకి తీసుకెళ్లే పద్ధతి పాతదే. 18వ శతాబ్దంలో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో కార్ల్ లినేయస్ తన శిష్యులను ఊరి చుట్టుపక్కలకు నడిపించి మొక్కలు గుర్తుపట్టడం నేర్పేవాడు. ఆ నడకలకు వచ్చేవారి సంఖ్య కొన్నిసార్లు వందలు దాటేది. మన దగ్గర ప్రయాణానికి తీర్థయాత్రే ప్రధాన కారణం. అయినా చూసినదాన్ని చూసినట్టు రాసుకునే అలవాటు మనకు లేకపోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. బయల్దేరింది పుణ్యం కోసమే అయినా దారి ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, ఏ ఊళ్లో ఏ వసతి ఉంది, జనం ఎలా బతుకుతున్నారు అన్నవన్నీ ఆయన రాసుకున్నారు. క్షేత్ర పర్యటనకు వెళ్లే విద్యార్థికి ఇప్పటికీ అది మంచి నమూనా.

ప్రకృతి పరిశీలన వైపు నుంచి చూస్తే, 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దేశంలో ఈ పనికి పునాది వేసింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. 1980లో హైదరాబాదులో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతోంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల ప్రాంగణాన్నీ చుట్టుపక్కల నేలనూ 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పిల్లలు పక్షులను చూడటానికి బస్సు ఎక్కనక్కర్లేదు.

ప్రభుత్వపరంగా పెద్ద మలుపు కోర్టు వైపు నుంచి వచ్చింది. పర్యావరణాన్ని బడుల్లో, కళాశాలల్లో తప్పనిసరి పాఠ్యాంశంగా నేర్పాలని న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. ఆ తరువాత కేంద్రం నేషనల్ గ్రీన్ కోర్ పేరిట బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచి లేని బడిని సూచించింది. దేశంలో వంద పర్యాటక స్థలాలను గుర్తించి విద్యార్థులను అధ్యయనానికి పంపాలని కూడా చెప్పింది. కాగితం మీద ఇన్ని ఉన్నా, డిసెంబరు వచ్చేసరికి మన బడుల బస్సుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఊటీకో, మైసూరుకో, ఫిల్మ్ సిటీకో బయల్దేరుతున్నాయి.

చెరువులు, పక్షులు, ఊళ్లు

తెలుగు నేలపై ఈ యాత్రలకు అన్నింటికంటే అనువైనవి పక్షుల ఊళ్లు. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ. పులిలా పక్షి దాక్కోదు కనుక పిల్లలు నిరాశపడరు.

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం 459 హెక్టార్లకు కాస్త తక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే, నీళ్లలో నిలబడి ఉండే కడప చెట్ల మీదకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు చేరతాయి. గూడబాతులు ఇక్కడ పొదుగుతాయి, మేతకు మాత్రం పక్కనున్న పులికాట్ సరస్సుకు ఎగిరిపోతాయి. పులికాట్ వాటికి వంటిల్లు, నేలపట్టు పురిటిల్లు. ఒకటి చూసి రెండోది వదిలేసిన యాత్రలో పిల్లలకు ఆ సంబంధం అర్థంకాదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని అక్కడి రైతులు నమ్ముతారు. ఆ ఊళ్లు పక్షులను కాపాడటం వెనుక దయతోపాటు ఈ లెక్క కూడా ఉంది. దాన్ని పిల్లలు నేరుగా రైతు నోట వింటే మంచిది.

పులికాట్ మన దేశంలో చిలికా తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద నిలబడితే చలికాలంలో ఫ్లెమింగోలు వేలల్లో కనిపిస్తాయి. ఆ రోడ్డు చివర రాకెట్ కేంద్రం. ఆ కేంద్రం రాకముందు దీవిలో యానాది గిరిజనులు ఉండేవారు. చేపలు, దుంపలు, తేనె, అడవి మూలికలు వారి బతుకు. రాకెట్‌ను చూసి మురిసిపోయే విద్యార్థికి ఈ సంగతి కూడా చెప్పాలి. సరస్సుకు దక్షిణపు కొసన తమిళనాడులోని పళవేర్కాడులో డచ్చివారి కోట శిథిలాలు, సమాధులు ఉన్నాయి. 17వ శతాబ్దంలో వారు కోరమాండల్ తీరపు బట్టల వ్యాపారం నడిపింది అక్కడి నుంచే. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం ఇప్పుడు సరస్సుకున్న పెద్ద జబ్బు. సముద్రం నీరు లోపలికి రాకపోతే చేప లేదు, చేప లేకపోతే పక్షీ లేదు, పట్టపు జాలర్ల వేటా లేదు. సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండుగ కొన్నేళ్ల విరామం తరువాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండుగ మూడు రోజుల్లో వెళ్లడం కంటే ఆ తరువాతి వారం వెళ్లడమే నయం. వేదిక మీది మైకుల మధ్య పక్షిని గమనించడం కష్టం.

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా చలికాలం చివర ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. గూళ్లు కట్టేది ఊరి మధ్య చెట్ల మీదే. పురుడు కోసం పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా వాటిని చూసుకోవాలని ఊరివాళ్ల మాట. గూటిలోంచి జారిన పిల్లను తెచ్చి సాకుతారు. చుట్టుపక్కల చెరువులు ఎండిపోయిన ఏళ్లలో కొంగలు తగ్గిపోతాయి. దాంతో అనంతపురం ప్రాంతపు కరవు చరిత్ర మొత్తం ఆ చింతచెట్ల కిందే చెప్పుకోవచ్చు. అక్కడికి లేపాక్షి ఎంతో దూరం లేదు. 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు పైకప్పు నిండా ఉన్న వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లాయి. ఉదయం వీరాపురం, ఎండెక్కాక లేపాక్షి మంటపం నీడ. రెండు రాష్ట్రాల్లో ఒక్క రోజుకు ఇంతకంటే మంచి యాత్ర లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కదిరి వైపు ఇంకొంత దూరం వెళ్లగలిగితే, అయిదెకరాలకు పైగా ఊడలు దించి గిన్నిస్ బుక్కుకెక్కిన తిమ్మమ్మ మర్రిమాను కూడా కలుస్తుంది.

గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు మంచినీటి చెరువుల్లోని చెట్లనే ఇల్లు చేసుకున్నాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలోనూ కథ దాదాపు ఇదే.

కొల్లేరు మాత్రం వేరు కథ. ఇక్కడికి పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయుడు ముందు తాను చదువుకోవాలి. అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. చాలా చోట్ల అవి మళ్లీ లేచాయి. సరస్సు ఎంతవరకు, లంక గ్రామాల వాళ్ల భూమి ఎంతవరకు అన్న తగవు ఇంకా తేలలేదు. కైకలూరు దగ్గరి ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులను చూడటం తేలిక. అక్కడితో ఆపేస్తే కొల్లేరు అర్థంకాదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మను మొక్కే వడ్డి కులస్థుల మాట వినాలి, చేపల చెరువు యజమాని మాట వినాలి, అటవీ ఉద్యోగి మాట కూడా వినాలి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది ఈ సరస్సుకే. వచ్చిన వరదను పట్టి ఉప్పుటేరు గుండా సముద్రానికి మెల్లగా వదలడమే కొల్లేరు పని. ఆ పనికి ఎంత చోటు మిగిలిందో గట్టు మీద నిలబడి కళ్లతో చూడవచ్చు. పోలిక కోసం చిలికా ఉంది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో 1993లో చేరిన ఆ సరస్సు, సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక కోలుకుని 2002లో అందులోంచి బయటపడింది.

నల్లమల, లంకమల

కృష్ణకు ఇరువైపులా పరుచుకున్న నల్లమలలో 1983లో పులుల సంరక్షణ పథకం మొదలైంది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్ర వైపున నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణ వైపున అమ్రాబాద్ అని రెండు పులుల అభయారణ్యాలయ్యాయి. పులికి ఈ హద్దు తెలియదు, ఏరు దాటి అటూ ఇటూ తిరుగుతుంది.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే భక్తుల్లో చాలామందికి తాము పులుల అడవి గుండా వెళ్తున్నామన్న స్పృహ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టులు మూసేస్తే విసుక్కుంటారు. వన్యప్రాణులు రోడ్డు దాటే వేళలవి. విజ్ఞాన యాత్ర మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే మొదలవ్వాలి. గేటు ఎందుకు పడుతుందో, కోతులకు అరటిపండ్లు విసిరితే ఏమవుతుందో, కారు కిటికీలోంచి పడేసిన ప్లాస్టిక్ సంచి ఏ దుప్పి కడుపులోకి చేరుతుందో అక్కడే చెప్పాలి. ఫరహాబాద్, తుమ్మలబైలు సఫారీలు, బైర్లూటి, పచ్చర్ల శిబిరాలు బస చేసి చూడటానికి వీలున్న చోట్లు. పులి కనబడటం అరుదు. పాదముద్ర, చెట్టు మీది గోటిగీత, పెంటిక, దుప్పి హెచ్చరిక కూత, వీటిని చదవడం నేర్పే గైడు దొరికితే యాత్ర గిట్టుబాటైనట్టే.

అలాంటి గైడ్లు చెంచులే. పెంటలనే చిన్న గూడేల్లో ఉండే ఈ ఆదివాసులు తేనె, జిగురు, దుంపల మీద తరతరాలుగా బతికారు. ఇప్పుడు వారిలో చాలామంది అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లు. నల్లమలను పులికి మిగిల్చిన ఘనతలో వారి వాటా పెద్దది. ఆ అడవి నుంచి తరలింపు ఒత్తిడి కూడా వారి మీదే ఎక్కువ. శ్రీశైలం మల్లన్న వారికి చెంచు మల్లయ్య. అహోబిలం నరసింహస్వామి వారి ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లాడాడని కథ. సంక్రాంతి తరువాత అహోబిలంలో మొదలయ్యే పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి జనాన్ని తన పెళ్లికి పిలుస్తుంది. అడవికి, ఊరికి, గుడికి ఉన్న బంధుత్వాన్ని ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సులువుగా చెప్పలేదు. ఎగువ అహోబిలం నుంచి తొమ్మిది నరసింహాలయాలకు నడిచే దారిలో ఒక తెలుగు మాస్టారు, ఒక జీవశాస్త్రం మాస్టారు కలిసి ఉంటే చాలు.

నల్లమలకు దక్షిణాన, పెన్న ఒడ్డున లంకమల ఉంది. కలివికోడి అనే చిన్న పక్షికి ప్రపంచంలో మిగిలిన చోటు ఇదని చెబుతారు. 1848లో టి.సి. జెర్డన్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించి, సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో ఒక స్థానికుడి చేతికి పక్షి చిక్కింది. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పక్షి ఊరివాళ్లకు తెలుసు, దానికి పేరు కూడా ఉంది. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా కొంత మార్చవలసి వచ్చింది. లంకమలకు వెళ్లినవారికి కలివికోడి కనబడదు. ఆ పొదల అడవిని చూసి, అది పనికిరాని బీడు కాదని తెలుసుకోవడమే అక్కడి పాఠం. సిద్ధవటం కోట, ఒంటిమిట్ట కోదండరామాలయం అదే దారిలో ఉన్నాయి.

రోళ్లపాడు మరో రకమైన పాఠం. బట్టమేక పిట్ట కోసం నందికొట్కూరు దగ్గరి గడ్డి మైదానాన్ని 1988లో అభయారణ్యం చేశారు. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి పొలాల మీద పడ్డాయి, రైతులకు కోపం వచ్చింది. సాగునీరు రావడంతో చుట్టూ పంటలు మారి గడ్డి నేల తగ్గిపోయింది. పిట్ట కనబడి ఏళ్లయింది. గెలిచిన చోట్లనే చూపించి తీసుకొచ్చే యాత్రలు పిల్లలను మోసం చేస్తాయి కనుక రోళ్లపాడుకూ వెళ్లాలి.

రాళ్లు, గుహలు

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు భూగర్భశాస్త్రంలో పేరున్న ఒక సంధి పక్కగా వెళ్తుంది. కింద అతి ప్రాచీనమైన గ్రానైటు శిల, దాని మీద చాలా కాలం తరువాత పేరుకున్న ఇసుకరాయి పొరలు. రెండింటి మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ ఉంది. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన ఆ చోటును రోజూ వేలమంది గోవిందా అంటూ దాటిపోతారు. కొండ మీది శిలాతోరణం దగ్గర మాత్రం ఆగుతారు. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ముఖ్యంగా ఈ కొండల చుట్టుపక్కలే. తిరుమల కొండల సహజ వారసత్వంతో పాటు విశాఖ-భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ దిబ్బలకు దగ్గర్లోనే తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు ఉన్నాయి. కాబట్టి విశాఖ బడులకు ఇది ఒక పూట ప్రయాణం.

బొర్రా గుహలకు ఏటా లెక్కలేనంతమంది వెళ్తారు. రంగు దీపాల వెలుతురులో శివలింగాన్నీ సాయిబాబానూ చూపించే గైడు, సున్నపురాయి నీటికి ఎలా కరుగుతుందో, చుక్కచుక్కకూ స్తంభం ఎలా పెరుగుతుందో చెప్పడు. ఇంకో సంగతి అసలే చెప్పడు. ఈ అనంతగిరి కొండల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చినందుకు సమతా అనే సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన సమతా తీర్పు దేశమంతటి ఆదివాసుల భూమి హక్కులకు ఆధారమైంది. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకు, థింసా నాట్యం చూసి కాఫీ తాగే పెద్దలకు, ఆ కాఫీ తోట ఎవరిదో, ఆ కొండ ఎందుకు మిగిలిందో తెలిస్తే ప్రయాణం రుచే వేరు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవు. 2002లో సందర్శకులకు తెరిచారు. గండికోట పెన్నా లోయతో కలిపి చూస్తే రాయలసీమ రాతి చరిత్ర రెండు రోజుల్లో ముగుస్తుంది.

గోదావరి, ములుగు, ఆదిలాబాదు

పాపికొండలను 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పోలవరం ప్రాజెక్టు నీరు పెరిగేకొద్దీ అక్కడ గోదావరి ఒడ్డునున్న కొండరెడ్ల ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. పేరంటాలపల్లి దగ్గర వెదురు బొమ్మలు అమ్మేవారిని ఇప్పుడే పలకరించాలి. నది చివర కోరింగ ఉంది. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి అది. మడ, తిల్ల, పొన్న చెట్ల మధ్య కట్టిన చెక్కబాట మీద నడిస్తే గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇక్కడివే. 1839 తుఫానులో నాశనమైన కోరింగ రేవు ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. మడ అడవి కాకినాడకు తుఫాను గోడ ఎలా అవుతుందో చెప్పడానికి ఆ రేవు కథ చాలు.

ములుగు, వరంగల్ జిల్లాల్లో ప్రకృతిని చరిత్ర నుంచి విడదీయడం సాధ్యంకాదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి పక్కన చెరువు, చెరువు కింద పొలం. పాఖాల, లక్నవరం కూడా కాకతీయుల కాలపు చెరువులే, ఇప్పుడు వాటి చుట్టూ అడవి. ఏటూరునాగారం అడవిలోని మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఆదివాసుల అతిపెద్ద జాతరల్లో ఒకటైన ఆ నాలుగు రోజులు పిల్లలతో అధ్యయనానికి పనికిరావు. జాతర ముగిశాక అడవిలో మిగిలిన చెత్తను లెక్కగట్టే యాత్ర పనికొస్తుంది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి వైపు అడవిలో వేలాది చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కూలిన అడవి తిరిగి ఎలా లేస్తుందో ఏటా వెళ్లి రాసుకోదగ్గ చోటు అది. ఆదిలాబాదు వైపు కవ్వాల పులుల అభయారణ్యం, కేస్లాపూర్ నాగోబా జాతర, జోడేఘాట్‌లో కొమురం భీం స్మారకం, గోండుల మీద జీవితకాలం పరిశోధించిన హైమండార్ఫ్ దంపతుల సమాధులున్న మార్లవాయి ఒకే దారిలో కలుస్తాయి.

నిర్వహణ

అభయారణ్యంలోకి వెళ్లాలంటే ఆ డివిజన్ అటవీ అధికారికి ముందుగా రాయాలి. చాలాసార్లు రుసుములో రాయితీ, వెంట ఒక బీట్ అధికారి దొరుకుతారు. పులుల అభయారణ్యాల్లో పర్యాటకం మీద 2012లో సుప్రీంకోర్టు కొన్నాళ్లు నిషేధం పెట్టింది. ఆ తరువాత వచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం కీలక ప్రాంతంలో అయిదో వంతుకు మించి పర్యాటకానికి వాడకూడదు. కాబట్టి ‘ఇంకొంచెం లోపలికి పోనివ్వండి’ అని డ్రైవరును ఒత్తిడి చేయడం మంచిది కాదు.

యాభై మందిని ఒకేసారి చెరువు గట్టు మీద దించితే పక్షులు లేచిపోతాయి. పదిమంది చొప్పున విడగొట్టి, ఒక గుంపు పక్షులు లెక్కపెడుతుంటే ఇంకో గుంపు ఊళ్లో మాట్లాడుతూ ఉండాలి. నోటుబుక్కు, పెన్సిలు తప్పనిసరి. ఫోను సాయంత్రం చాలు. పక్షులకూ చెట్లకూ స్థానికులు పిలిచే పేర్లు రాసుకోవడం చాలా అవసరం. కలివికోడి కథ తెలిసినవారికి ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. కార్తీక వనభోజనాలకు అడవికి వెళ్లే ఊరి సంఘాలు కూడా ఉసిరిచెట్టు కింద విస్తరాకులతో పాటు ప్లాస్టిక్ గ్లాసులు వదిలి రాకపోతే అది కూడా విజ్ఞాన యాత్రే అవుతుంది.

భద్రత విషయంలో రెండు దుర్ఘటనలు తెలుగువారు మరవకూడదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి అకస్మాత్తుగా వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగానే పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. నదికి కాలం, వేళ ఉంటాయి. డ్యామ్ కింద ఏటిలో దిగకూడదు, వరద ఉన్నప్పుడు బోటెక్కకూడదు. లైఫ్ జాకెట్ లేని బోటును వెనక్కి పంపే అధికారం ఉపాధ్యాయుడికి ఉండాలి, పంపే ధైర్యమూ ఉండాలి.

ఎవరికి అందుతున్నాయి

కేరళ అటవీ శాఖ చాలా ఏళ్లుగా తేక్కడి, పరంబికుళం వంటి అభయారణ్యాల్లో విద్యార్థులకు ఉచిత ప్రకృతి శిబిరాలు నడుపుతోంది. బస, భోజనం, తరగతి, అడవిలో నడక అన్నీ అందులోనే ఉంటాయి. మధ్యప్రదేశ్‌లో ‘అనుభూతి’ పేరుతో ప్రభుత్వ బడుల పిల్లలను అడవికి తీసుకెళ్తారు. మన శిబిరాలు ప్రధానంగా డబ్బు కట్టే పర్యాటకుల కోసం ఉన్నాయి. బైర్లూటిలో ఒక రాత్రికయ్యే ఖర్చు ఆత్మకూరు ప్రభుత్వ బడి పిల్లవాడి తండ్రికి భారమే. తన ఊరి పక్కనే పులి ఉందని తెలిసినా, దాన్ని కాపాడే చెంచు వాచర్‌తో ఆ పిల్లవాడు ఎన్నడూ మాట్లాడి ఉండడు.

దీనికి పెద్ద పథకం అక్కర్లేదు. ఒక్కో అభయారణ్యం దగ్గర ముప్పైమంది పడుకునే ఒక డార్మిటరీ, ఒక వంటమనిషి, జీతమిచ్చి పెట్టుకున్న ఇద్దరు స్థానిక గైడ్లు, విద్యాశాఖ నుంచి ఏటా ఒక బస్సు ఖర్చు. ఈ వ్యాసం చదివే ప్రధానోపాధ్యాయులు వచ్చే డిసెంబరులో ఊటీ బస్సు మాట్లాడుకునే ముందు, తమ జిల్లా అటవీ అధికారికి ఒక ఉత్తరం రాసి చూడాలి.